బీచ్ దగ్గర ఇల్లు: షెడ్డుకీ రెయిలింగుకీ మామూలు స్టీలా, స్టెయిన్‌లెస్సా?

భీమిలి_ఇల్లు:
అందరికీ నమస్కారం. భీమిలిలో ఇల్లు కడుతున్నాం, డాబా ఎక్కితే సముద్రం కనిపించేంత దగ్గర. స్లాబులు అయిపోయాయి, ఇంక డాబా మీద రేకుల షెడ్డు, మెట్లకీ బాల్కనీకీ రెయిలింగు మిగిలాయి. చుట్టుపక్కల ఇళ్ల ఇనప గేట్లు చూస్తే భయమేస్తోంది, రంగు కింద తుప్పు పొరలు పొరలుగా లేచిపోతోంది. ఫ్యాబ్రికేషన్ ఆయనేమో "షెడ్డు స్తంభాలతో సహా మొత్తం ఎస్సెస్ (స్టెయిన్‌లెస్ స్టీలు) వేసేయండి సార్, బలానికి బలం, తుప్పు మాటే ఉండదు" అంటున్నాడు, శాంపిల్ పైపుకి మ్యాగ్నెట్ పెట్టి చూపించాడు, అతుక్కోలేదు కాబట్టి స్టెయిన్‌లెస్‌లో 304 అనే గ్రేడట. రేటు వింటే నిద్ర పట్టట్లేదు. స్టెయిన్‌లెస్ నిజంగా ఎక్కువ బలమా? మ్యాగ్నెట్ టెస్టు నమ్మొచ్చా?

బీమ్_కాలమ్:
బలం వేరు, తుప్పు వేరు అండీ, ఆయన రెండూ ఒకే మూటలో కట్టి అమ్ముతున్నాడు. మనం యాంగిళ్లు, ఛానెళ్లు అని కొనేది మామూలుగా ఐఎస్ 2062 అనే భారతీయ ప్రమాణంలో ఇ250 గ్రేడు మామూలు స్టీలు, ఆ 250 అనేది ఈల్డు, అంటే అన్ని మెగాపాస్కల్స్ (లోహం మీద పడే ఒత్తిడి కొలత) దాకా లోడు పడ్డా తీసేస్తే మళ్లీ యథాస్థితికి వస్తుంది, దాటితే వంగినది వంగినట్టే ఉండిపోతుంది. 304 కి ఆ ఈల్డు కనీసం 205 మాత్రమే. తెగేదాకా లాగితే 304 దే పైచేయి (515, ఇ250 కి 410), సాగే గుణం కూడా దానికే ఎక్కువ, కానీ షెడ్డు స్తంభాన్ని తెగేదాకా ఎవరు లాగుతారు చెప్పండి, మనం లెక్కకట్టేది ఈల్డు మీదే. ఇంక ఊగడం, కిందకి దిగడం అంటారా, ఎలాస్టిక్ మాడ్యులస్, అంటే వంగకుండా నిలబడే బిగువు, మామూలు స్టీలుకి 200 గిగాపాస్కల్స్, 304 కి 193, అంటే అదే సైజు పైపు ఏ స్టీలుదైనా దాదాపు ఒకేలా వంగుతుంది. 2014 లో హుద్‌హుద్ వచ్చినప్పుడు వైజాగ్‌లో రేకులు ఎలా ఎగిరాయో చూశారుగా, అలాంటి గాలికి ముందు చూసుకోవాల్సింది రేకు పట్టుకునే బోల్టులు, బేస్ ప్లేటు కింద యాంకర్లు, అడ్డంగా వేసే బ్రేసింగు. అవి సరిగ్గా లేకపోతే మీరు వెండితో కట్టించినా ఎగిరిపోతుంది. నన్నడిగితే ఫ్రేముకి ఎమ్మెస్సే (మామూలు స్టీలే), ఆ మిగిలిన డబ్బు గాల్వనైజింగ్‌కి, అంటే జింకు పూతకి పెట్టండి.

లోహాల_పిచ్చి:
పై ఆయన చెప్పింది కరెక్ట్. మ్యాగ్నెట్ సంగతి నేను చెప్తా. 304 కి అతుక్కోదు నిజమే, కానీ 202 అనే ఇంకో స్టెయిన్‌లెస్ గ్రేడుకి కూడా అతుక్కోదు! 202 లో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీస్, నైట్రోజన్ వేస్తారు, చూడ్డానికి అచ్చం 304 లాగే మెరుస్తుంది, ఉప్పుగాలి తగిలితే తేడా బయటపడుతుంది. అటు 430 గ్రేడుకి మ్యాగ్నెట్ గట్టిగా అతుక్కుంటుంది, అయినా అదీ స్టెయిన్‌లెస్సే. పైగా అసలు 304 కూడా వంచిన చోట కొంచెం లాగుతుంది. అందుకే ఆ టెస్టు వల్ల మీకు తెలిసేది ఏమీ లేదు. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి, మిల్లు సర్టిఫికెట్ అడగండి, లేదా స్క్రాపు వ్యాపారుల దగ్గర ఎక్స్‌రే గన్ ఉంటుంది, పైపు ముక్క తీసుకెళ్తే క్రోమియం ఎంత నికెల్ ఎంత అని అంకెలతో చూపిస్తుంది.

ఇంక తుప్పు మాటే ఉండదు అన్నది. కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటేనే స్టెయిన్‌లెస్ అంటారు, 304 లో సుమారు 18 ఉంటుంది, ఆ క్రోమియం గాలిలో ఆక్సిజన్‌తో కలిసి కంటికి కనపడనంత పలచటి పొర కడుతుంది, గీత పడితే మళ్లీ తనే కట్టుకుంటుంది. మామూలు ఇనుముకి తుప్పు పట్టినా ఆ తుప్పు గుల్లగా ఉండి రాలిపోతుంది, లోపల్నించి కొత్త ఇనుము బయటపడుతుంది, అలా తింటూనే పోతుంది. అయితే ఈ క్రోమియం పొరకి శత్రువు క్లోరైడు, అంటే సముద్రపు ఉప్పు. భీమిలిలో 304 మీద టీ ఒలికినట్టు గోధుమ రంగు మరకలు రావడం మామూలే. 316 గ్రేడులో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం అనే లోహం ఉంటుంది, ఉప్పుని అది చాలా బాగా తట్టుకుంటుంది, రేటూ అలాగే ఉంటుంది లెండి.

గాజువాక_వెల్డర్:
సార్లు లెక్కలు చెప్పారు, నేను పని చెప్తాను. ఏ గ్రేడు తెచ్చినా ఇనుము కోసిన డిస్కుతోనే ఎస్సెస్ గ్రైండింగ్ చేస్తే దాని మీద ఇనప రజను అంటుకుని వారంలో చుక్కలు చుక్కలుగా తుప్పు వస్తుంది, ఓనరు వచ్చి డూప్లికేట్ మాల్ వేశావని గొడవ పెట్టుకుంటాడు. డిస్కు వేరే, వైర్ బ్రష్ వేరే ఉండాలి. ఎస్సెస్ వేడికి ఎక్కువ సాగుతుంది, వేడి ఒకచోటే నిలబడిపోతుంది, అందుకని ఆత్రంగా పొడుగు వెల్డు కొడితే పైపు వంకర తిరుగుతుంది, టాక్ (చిన్న చిన్న చుక్కల వెల్డు) వేసుకుంటూ ఆర్గాన్ గ్యాసు వెల్డింగ్‌తో నెమ్మదిగా చెయ్యాలి. వెల్డు పక్కన నల్లగా, నీలంగా మాడినది పికిలింగ్ పేస్టుతో (మాడిన పొరని తీసే ఆసిడ్ పేస్టు) తీసి బాగా నీళ్లతో కడగమనండి, పైపైన బఫింగ్ కొట్టి వదిలేస్తే ముందు తుప్పు పట్టేది అక్కడే. ఇంకోటి, గాల్వనైజ్ చేసొచ్చిన స్తంభం మీద మళ్లీ వెల్డింగ్ పెట్టనివ్వకండి, జింకు కాలిపోతుంది, ఆ పొగ మాకూ మంచిది కాదు, కోయడం అతకడం అన్నీ ముందే అయిపోయాక డిప్పింగ్‌కి (కరిగిన జింకులో ముంచడానికి) పంపాలి, గొట్టాలైతే జింకు లోపలికెళ్లి బయటికి రావడానికి చిల్లులు పెట్టి మరీ.

భీమిలి_ఇల్లు:
చాలా థాంక్స్ అండీ. అయితే షెడ్డు ఎమ్మెస్ గాల్వనైజ్డు, బాల్కనీ సముద్రం వైపు ఉంది కాబట్టి అక్కడ 316, లోపల మెట్లకి 304 అనుకుంటున్నా. రెయిలింగు కింద ప్లేటు మాత్రం ఇనుముది వేస్తే కొంచెం మిగులుతుంది అంటున్నాడు, పర్లేదా?

లోహాల_పిచ్చి:
బాల్కనీలో వద్దు. ఉప్పునీళ్లు తగిలే చోట ఇనుమూ ఎస్సెసూ ఒకదానికొకటి ఆనుకుంటే ఇనుముని తుప్పు ఇంకా త్వరగా తినేస్తుంది, అందులో చిన్న ప్లేటు పక్కన పెద్ద ఎస్సెస్ ఉంటే మరీ. ప్లేటు, బోల్టులు, వాషర్లు కూడా 316 వే వేయించండి. నెలకోసారి మంచినీళ్లతో కడిగి గుడ్డతో తుడవండి, ఆసిడ్ క్లీనర్లు, ఇనప పీచు మాత్రం దాని దగ్గరికి రానివ్వకండి.

గాజువాక_వెల్డర్:
లోపల మెట్ల దగ్గర మాత్రం ఇనప ప్లేటుకి అతికించినా నడుస్తుంది సార్, కానీ మామూలు రాడ్డు కాదు, ఎస్సెస్‌ని ఇనుముకి అతికించే 309ఎల్ వెల్డింగ్ రాడ్డు అడగండి, తర్వాత ఆ జాయింటు మొత్తానికీ ఎపాక్సీ ప్రైమర్ కొట్టించండి.