పోస్టర్ మీద ఎంత రాయాలి? ఒక్క వాక్యం చాలా?

పల్లీచేను:
ఎమ్మెస్సీ అగ్రికల్చర్ రెండో ఏడాది. వచ్చే నెల సెమినార్‌లో పోస్టర్ పెట్టాలి, అంటే చేసిన పరిశోధనంతా ఒకే పెద్ద షీటు మీద అచ్చేసి, దాని పక్కన నిలబడి వచ్చినవాళ్ళకి చెప్పాలి. వేరుశనగకి పూత దశలో జిప్సం వేయడం మీద నా పని. గైడ్ సార్ ఐదు పట్టికలూ ఉండాల్సిందే అన్నారు. సీనియర్ ఏమో 2019లో మైక్ మారిసన్ అనే ఆయన చూపించిన పద్ధతి పట్టుకోమంటున్నాడు: మధ్యలో పెద్ద అక్షరాలతో తేలిన విషయం ఒక్కటే, మిగతావి పక్క పట్టీల్లో, వివరాలకి క్యూఆర్ కోడ్. ఏది నయం?

సూక్ష్మదర్శిని:
సీనియర్ చెప్పిందే. పోస్టర్ సెషన్ అంటే టీ బ్రేక్. చేతిలో కప్పుతో నడుచుకుంటూ పోయేవాళ్ళు ఐదు పట్టికలు చదువుతారా? నీ శీర్షిక "ఎఫెక్ట్ ఆఫ్ జిప్సం ఆన్ గ్రోత్ అండ్ యీల్డ్ ఆఫ్ గ్రౌండ్‌నట్" అనేగా? ఏదో ప్రభావం ఉందని తెలుస్తుంది, ఏ ప్రభావమో తెలీదు.

మాస్టారు66:
పోస్టర్ అంటే వాల్‌పోస్టర్ కాదమ్మా. రెప్లికేషన్లు ఎన్ని (ఒకే ప్రయోగం ఎన్ని మళ్ళలో మళ్ళీ మళ్ళీ చేశారు), సి.డి. విలువ ఎంత (కనీసం ఎంత తేడా వస్తే అది కాకతాళీయం కాదనుకోవాలి), ఇవి కనబడకుండా ఫలితం ఎలా నమ్ముతాం? పైగా క్యూఆర్ కోడట. సెల్లార్లో పెడతారు పోస్టర్లు, సిగ్నల్ ఉండదు.

సూక్ష్మదర్శిని:
మెథడ్ తీసేయమని ఎవరన్నారండీ? పక్క పట్టీలో ఉంటుంది.

మాస్టారు66:
సిగ్నల్ సంగతి చెప్పలేదు.

ఫ్లెక్సుబాధితుడు:
ఏదైనా సరే, షాపువాడికి వర్డ్ ఫైలు మాత్రం ఇవ్వకండి. నా గ్రీకు అక్షరాలన్నీ డబ్బాలైపోయాయి. పీడీఎఫ్ చేసి, సైజు 84.1 × 118.9 సెంటీమీటర్లని కాగితం మీద రాసివ్వండి.

సూక్ష్మదర్శిని:
సిగ్నల్ లేకపోతే ఏ4 మీద పది ప్రింట్లు తీసి పోస్టర్ కింద కవర్లో పెట్టొచ్చు. అయిపోయిందా? అసలు పోస్టర్లకి మార్కులేసే ఇలాంటి జడ్జిల వల్లే నాకు ఒళ్ళు మండేది. రెండేళ్ళ క్రితం నా పోస్టర్లో ఒక వాక్యం, ఒక గ్రాఫ్. "పనేం జరగలేదా?" అన్నాడు ఒకాయన. పక్కన ఎనిమిది పట్టికలు అచ్చేసినవాడికి బహుమతి.

మాస్టారు66:
నేను జడ్జినని నీకెవరు చెప్పారు?

పల్లీచేను:
సార్, మేడమ్, గొడవ వద్దు ప్లీజ్.

మాస్టారు66:
గొడవ కాదు బాబూ. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం. మొదటి కాన్ఫరెన్సులో ఒక పెద్దాయన వచ్చి ఇంగ్లీషులో ఏదో అడిగాడు. గొంతు పెగల్లేదు. వేలితో మూడో పట్టిక చూపించాను. వంగి చదువుకుని, తలూపి, నా పేరు రాసుకుని వెళ్ళాడు. ఆ పట్టిక లేకపోతే ఆ రోజు నేను చేసిన పని లేనట్టే. పోస్టర్ ఖాళీగా ఉంచి మిగతాది నోటితో చెప్పమనే పద్ధతి, నోరున్నవాళ్ళ కోసం పుట్టింది.

సూక్ష్మదర్శిని:
ఈ మాట మొదటే చెప్పుంటే సిగ్నల్ గురించి ఇంత కొట్టుకునేవాళ్ళం కాదు. కానీ సార్, నేనూ మాట్లాడలేకే ఆ పద్ధతి పట్టుకున్నాను. ఎవరడిగినా ఆ పెద్ద వాక్యమే పైకి చదివేదాన్ని. ఎనిమిది పట్టికలుంటే ఏది చూపించాలో తెలిసేది కాదు నాకు.

మాస్టారు66:
నీకు కుదిరింది. అందరికీ కుదరదు.

పల్లీచేను:
నేనూ తెలుగు మీడియమే సార్. ముందు తెలుగులో రాసి చూశాను: "ఊడలు దిగే ముందు జిప్సం వేసిన మళ్ళలో తాలు కాయలు తగ్గాయి." ఊడలంటే పూత తర్వాత నేలలోకి దిగి కాయ కాసే కాడలు. కాయ తనకి కావాల్సిన కాల్షియం చుట్టూ ఉన్న మట్టిలోంచే పీల్చుకుంటుంది కదా, అదే కారణం. సరిపోతుందా?

సూక్ష్మదర్శిని:
చాలా బాగుంది! ఇదే మధ్యలో పెట్టు.

మాస్టారు66:
ఎంత తగ్గాయి? జిప్సం వేయని మడిలో ఎన్ని తాలు కాయలు?

సూక్ష్మదర్శిని:
అంకెలు పక్క పట్టీలో ఉంటాయండీ.

మాస్టారు66:
పక్కన కాదు. వాక్యంలోనే ఉండాలి.