మిర్చి యార్డు నుంచి ఇంటికొచ్చాక చేతుల మంట పోవట్లేదు, ఏం చేయాలి?

తక్‌పట్టీ గుమస్తా (ప్రశ్న)

అందరికీ నమస్తే. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో పదకొండేళ్లుగా గుమస్తాను. కాంటాలు అయ్యాక తక్‌పట్టీలు, అంటే రైతుకు ఎంత తూకానికి ఎంత పైసలో రాసిచ్చే చీటీలు, రాయడం నా పని. బస్తాలు మోసేవాణ్ణి కాదు, తొడిమెలు తీసేవాణ్ణీ కాదు. కానీ ఖరీదుదారు రాగానే బస్తా కుట్టు విప్పి గుప్పెడు కాయ తీసి చూపించాలి, తాలు ఎంతుందో, తేమ ఎంతుందో విరిచి చూడాలి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా రోజుకు ఎన్ని బస్తాల్లో చెయ్యి పెడతానో లెక్కే లేదు. మొన్న 2025లో జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు పంట అనే ముద్ర) వచ్చిన మన చపాటా మిర్చి అయితే కొంత నయం, రంగే ఎక్కువ, ఘాటు తక్కువ. ఘాటెక్కువ ఉండే తేజ రకం వచ్చిన రోజు మాత్రం దుకాణం మెట్టు ఎక్కకముందే తుమ్ములు మొదలు.

ఇంటికెళ్లి సబ్బుతో మూడుసార్లు కడుగుతాను. అప్పటికి బాగానే ఉంటుంది. అన్నం తిని పడుకున్నాక వేళ్ల సందుల్లో, గోళ్ల కింద మంట లేస్తుంది. వేడినీళ్లతో స్నానం చేశానా, ఇక చేతులు పొయ్యిలో పెట్టినట్టే. పోయిన వారం మా నాలుగేళ్ల బిడ్డ ఉరికొస్తే ఎత్తుకుని ముక్కు తుడిచాను. అరగంట ఏడ్చింది. అప్పటి నుంచి ఎత్తుకోబోతే "డాడీ, చేతులు కడుక్కున్నవా?" అని అడిగి గాని దగ్గరికి రావట్లేదు. మంట కన్నా అదే ఎక్కువ బాధగా ఉంది.

రెండోది, మెడ మీద, మణికట్టు దగ్గర దురద మచ్చలు వచ్చాయి. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రెండు రోజుల్లో మాయం. రెండు నెలలు అదే రాశాను. ఇప్పుడు అక్కడ చర్మం ఉల్లిపొరలా పల్చగా, మెరుస్తూ అయింది. ఆపితే రెండింతలు వస్తోంది.

మూడోది నిద్ర. పదకొండుకు పడుకుంటే రెండింటికి మెలకువ. ఏ రైతు పైసలు ఎంత, ఎవరి పట్టీ ఆగింది, అవే తిరుగుతుంటాయి. పొద్దున లేచి ఇంట్లో అందరి మీద అరుస్తున్నాను.

దుకాణంలో అడిగితే "మగోనివి, నీకు క్రీములేందిరా" అని నవ్వుతారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

చాటకూలీ బిడ్డ, కాశిబుగ్గ

అన్నా, మా అమ్మ అదే యార్డులో ముప్పై ఏళ్లు చాట కూలీ చేసింది. నువ్వు చేస్తున్న తప్పు ఒక్కటే, ముందు నీళ్లు పోస్తున్నావు.

మా అమ్మ సంచిలో అన్నం టిఫిన్ పక్కన చిన్న దగ్గు మందు సీసా ఉండేది, అందులో పల్లి నూనె. పని దిగగానే పొడి చేతులనే పాత గుడ్డతో దులుపుకునేది. తర్వాత అరచేతిలో చెంచాడు నూనె పోసుకుని, పిండి పిసికినట్టు వేళ్ల సందులన్నీ, గోళ్ల చుట్టూ, మణికట్టు దాకా రెండు నిమిషాలు రుద్దేది. ఆ నూనెను గుడ్డతో తుడిచేసేది. తుడిస్తే గుడ్డకు ఎర్రగా అంటేది, నేను చూశాను. మళ్లీ ఇంకోసారి నూనె, ఇంకోసారి తుడవడం. అప్పుడే గిన్నెలు తోమే సబ్బు, చల్లనీళ్లు. గోళ్లు మాత్రం ఆదివారం ఆదివారం మొదలంటా కత్తిరించుకునేది. ఘాటు దాక్కునేది అక్కడే.

ఆ గుడ్డను మాత్రం ఇంట్లోకి తేవద్దు. ఒకసారి మా చిన్నమ్మ కొడుకు దాంతో మొహం తుడుచుకున్నాడు, వాడి బాధ మేం మరిచిపోలేం! బట్టలు కూడా అరుగు మీదే విప్పి విడిగా నానబెట్టు. నీ బిడ్డ ఏడ్చింది నీ చేతికే కాకపోవచ్చు, అంగీ భుజానికి కూడా ఉంటుంది దుమ్ము.

రాత్రి మంట లేస్తే చల్లటి పెరుగు పూసి పది నిమిషాలు ఉంచు. హాయిగా ఉంటుంది.

స్టాఫ్ నర్స్, హన్మకొండ

పై చెల్లె చెప్పింది నిజం, కారణం కూడా రాస్తాను. మిర్చి ఘాటు క్యాప్సైసిన్ అనే పదార్థం. అది నీళ్లలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. ఉత్త నీళ్లు పోస్తే పోదు, పక్కకు పాకుతుంది. ఇక వేడినీళ్ల సంగతి. మన నరాల చివర ఒక తలుపు లాంటిది ఉంటుంది, వేడి 43 డిగ్రీలు దాటితే అది తెరుచుకుని "కాలుతోంది" అని మెదడుకు చెబుతుంది. క్యాప్సైసిన్ కూడా ఆ తలుపునే తెరుస్తుంది. ఒకసారి తెరుచుకున్నాక గోరువెచ్చని నీళ్లు కూడా నిప్పులాగే ఉంటాయి. దీన్ని మిర్చి ఘాటుతోనే కనిపెట్టిన శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ కూడా వచ్చింది. కాబట్టి సీజన్ అయ్యేదాకా చేతులకు చల్లనీళ్లే.

కాయ చూసేటప్పుడు నైట్రైల్ గ్లవ్స్ వేసుకో తమ్ముడూ. లోపల పల్చటి నూలు గ్లవ్స్ ఉంటే చెమటకు నానదు. కంట్లో పడితే నులమొద్దు, మంచి నీళ్లతో పదిహేను నిమిషాలు ఆపకుండా కడుగు. కంట్లో నూనె మాత్రం పోయొద్దు, అది చేతులకే.

అసలు నాకు భయం ఆ ట్యూబు గురించి. దాని మీద క్లోబెటసోల్ అనో బీటామెథసోన్ అనో ఉందేమో చూడు. ఉంటే అది స్టెరాయిడ్. నువ్వు చెప్పినట్టు మొదట మాయం, తర్వాత పల్చబడడం, ఆపితే తిరగబెట్టడం, ఇవన్నీ దాని లక్షణాలే. ఇలాంటి క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే నిబంధన కట్టుదిట్టం చేశారు. నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపొద్దు, ఇంకో ట్యూబు కొనొద్దు. చర్మ డాక్టరుకు ఆ ట్యూబు చూపించు, ఎలా తగ్గించాలో వాళ్లే చెబుతారు. వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానలో కూడా చర్మ విభాగం ఉంది. మచ్చలు లేని చోట స్నానం చేసిన వెంటనే, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని వ్యాజిలిన్ పల్చగా రాసుకో. మగవాళ్లకు చర్మం ఉండదా ఏంటి, నవ్వేవాళ్లను నవ్వనీ.

రిటైర్డ్ లెక్కల మాస్టారు, దేశాయిపేట

మా కాలంలో ట్యూబులు ఎక్కడివి? ఆదివారం నువ్వుల నూనె అంటుకుని, పెసరపిండీ సెనగపిండీ కలిపి నలుగు పెట్టుకుంటే ఒళ్లు అద్దంలా ఉండేది. నా మాట విని ఆ మచ్చల మీద నలుగు పెట్టి గట్టిగా రుద్దు. పొద్దున అయిదున్నరకు భద్రకాళి బండ్ మీద నాలుగు రౌండ్లు కొట్టు. నిద్ర దానంతటదే వస్తుంది.

స్టాఫ్ నర్స్, హన్మకొండ

మాస్టారూ, నడక వరకు మీకు నూటికి నూరు. నలుగు మాత్రం వద్దు. పల్చబడ్డ చర్మాన్ని పిండితో రుద్దితే చిట్లుతుంది. మచ్చలు మానాక దసరాకు పెట్టుకోనివ్వండి.

రాత్రి లెక్కలు, పరకాల

పత్తి మిల్లులో లెక్కలు రాస్తాను, నిద్ర విషయంలో నాదీ నీ కథే. నాకు పనిచేసింది చెబుతాను. తొమ్మిదింటికి ఒక పాత నోట్‌బుక్ తీసి, రేపటికి మిగిలినవన్నీ పేరు, పైసలతో సహా రాసి మూసేస్తాను. ఆ నోట్‌బుక్ పడకగదిలోకి రాదు. నాలుగు దాటితే చాయ్ బంద్. మార్కెట్లో ఇది కష్టమే, గంటకో కప్పు చేతిలో పెడతారు. నేను గ్లాసు తీసుకుని పక్కోడికి ఇచ్చేస్తాను. రెండింటికి మెలకువ వస్తే ఫోను ముట్టను, నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సేపు ఊపిరి పీల్చి, ఆరు అంకెలంత సేపు వదులుతాను.

నెల దాటినా తగ్గకపోతే 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్, మనసు బాధలు చెప్పుకునే ఫోన్ లైను, సర్కారుది, పైసలు అక్కర్లేదు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. పోయినేడు నేను చేశాను. పిచ్చోళ్లకని అనుకునేవాణ్ణి. అటువైపు ఆమె అడిగిన మొదటి మాట "అన్నం తిన్నారా?" అని.

తక్‌పట్టీ గుమస్తా

పన్నెండు రోజులైంది. చర్మ డాక్టరుకు ట్యూబు చూపించాను, అది క్లోబెటసోలే. దాన్ని తగ్గిస్తూ పోవాలని వేరే మందు రాశారు, మచ్చలు ఇంకా ఉన్నాయి. దుకాణం గల్లా కింద పల్లి నూనె సీసా పెట్టాను. మొదటి రోజు హమాలీలు "బజ్జీలు వేస్తున్నవా" అన్నారు. ఇప్పుడు ముగ్గురు నా సీసాలోనే పోసుకుంటున్నారు, వారానికి అర లీటరు సరిపోవట్లేదు.

నిద్ర మూడున్నర దాకా వచ్చింది. నోట్‌బుక్ పని చేస్తోంది, చాయ్ ఆపడం నా వల్ల కాలేదు. మాస్టారూ, బండ్ మీదికి రెండు రోజులే వచ్చాను.

నిన్న సాయంత్రం అంగీ అరుగు మీద విప్పి, చేతులు కడిగి లోపలికి వెళ్లాను. మా బిడ్డ నా అరచేయి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి "పల్లీల వాసన" అంది, ఎక్కి కూర్చుంది.

చాటకూలీ చెల్లే, ఒక్క సందేహం. నూనె తుడిచిన గుడ్డలు అమ్మ ఉతికేదా, పారేసేదా?

చాటకూలీ బిడ్డ, కాశిబుగ్గ

అడిగాను. ఉతికేది కాదంట, శనివారం శనివారం పారేసేదంట. కాల్చొద్దు అంటోంది, ఆ పొగకు వాడంతా దగ్గుతుందట.