విమానం నుంచి దూకడానికీ, కొండ మీది నుంచి ఎగరడానికీ ఒకే కెనోపీ (పారాచూట్ గుడ్డ రెక్క) చాలదా?

గాలిపటం:
ఎదురుగాలి గదుల్లో నిండి రెక్కగా బిగుసుకునే పారాచూట్‌కు డొమినా జాల్బర్ట్ 1964లో పేటెంటు కోరారు. విమానం నుంచి దూకేవారి నేటి స్కైడైవింగ్ కెనోపీ, కొండ మీది నుంచి ఎగిరేవారి పారాగ్లైడర్ రెండూ దాని సంతతే. 1978లో ఫ్రాన్స్‌లోని మియుస్సీ కొండవాలు మీద పరుగెత్తి గాలిలోకి లేచినవారు వాడినవీ స్కైడైవింగ్ పారాచూట్లే. అటువంటప్పుడు ఫ్రీఫాల్‌లో, అంటే పారాచూట్ లేకుండా నేరుగా పడుతున్నప్పుడు, క్షేమంగా తెరుచుకుని, ఆపై గంటల తరబడి తేలే కెనోపీని తయారు చేయడానికి అడ్డేమిటి? అలవాటే తప్ప భౌతికశాస్త్రం కాదని నా అనుమానం.

స్లైడర్:
అడ్డు భౌతికశాస్త్రమే. గంటకు దాదాపు 190 కిలోమీటర్ల వేగంతో పడుతున్నప్పుడు కెనోపీ ఒక్కసారిగా విచ్చుకుంటే తాళ్లు తెగవచ్చు, మెడకూ వెన్నుకూ గాయం కావచ్చు. అందుకే మూలల్లో రింగులున్న స్లైడర్ గుడ్డలోంచి తాళ్లను నాలుగు కట్టలుగా పోనిస్తారు; ఎదురుగాలి ఆ గుడ్డను పైకి నొక్కి పట్టడం వల్ల కెనోపీ కొద్దికొద్దిగా విచ్చుకుంటుంది. ఏడు లేదా తొమ్మిది గదులుండే పొట్టి కెనోపీకి ఈ ఏర్పాటు చక్కగా కుదురుతుంది గాని, నలభైకి పైగా గదులతో పొడవుగా సాగి, కొమ్మలుగా చీలిన సన్నని తాళ్లతో, ముందంచులో ప్లాస్టిక్ పుల్లలతో ఉండే పారాగ్లైడర్‌కు కుదరదు. పారాగ్లైడర్ ఒక మీటరు దిగేలోపు ఎనిమిది నుంచి పది మీటర్లు ముందుకు పోగలగడం ఆ పొడవు, ఆ సన్నదనం చలవే. సాధారణ స్కైడైవింగ్ కెనోపీ మూడు మీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

గాలిపటం:
గాలిలో విన్యాసాలు చేసే ఆక్రో పైలట్లు పారాగ్లైడర్‌ను సంచిలో పెట్టుకుని బెలూన్ నుంచి దూకుతున్నారు కదా?

స్లైడర్:
వేగం పుంజుకోకముందే వారి రెక్క తెరుచుకుంటుంది. అది ఫ్రీఫాల్‌కు ఉదాహరణ కాదు.

వాలుగాలి:
స్లైడర్ గారి లెక్క సరైనదే అయినా, కలయిక ఇప్పటికే కొంత జరిగిందన్న సంగతిని ఆయన పక్కన పెట్టారు. నేలకు దగ్గరగా వేగంగా దూసుకుపోయే స్వూపింగ్ పోటీల కెనోపీల్లో గదుల లోపల ఏటవాలు పట్టీలు వేసి రెక్క ఆకారాన్ని చెదరనివ్వరు. తెరుచుకున్నాక స్లైడర్‌ను పూర్తిగా తీసివేసి గాలి నిరోధాన్ని తగ్గిస్తారు. ఆశ కొంచెం తగ్గించుకుంటే చాలు. గ్లైడ్ మూడు ఉన్న, అంటే ఒక మీటరు దిగేలోపు మూడు మీటర్లు ముందుకు పోయే, కెనోపీ నిశ్చలమైన గాలిలో నేలను వదలాలంటే వాలు 18 డిగ్రీలకు మించాలి. గ్లైడ్‌ను ఐదుకు పెంచగలిగితే 12 డిగ్రీల వాలు సరిపోతుంది. కొండ దిగడానికి అది బాగా పనికివస్తుంది. గంటల తరబడి తేలడం మాత్రం వేరే సంగతి, ఎందుకంటే పైకి లేచే గాలి వేగం కన్నా కెనోపీ దిగే వేగం తక్కువగా ఉంటేనే అది సాధ్యం.

రెండో గొడుగు:
రిజర్వు (ఆపదలో వాడే రెండో పారాచూట్) ఊసు ఎవరూ ఎత్తకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. స్కైడైవర్ చెడిన కెనోపీని వదిలించుకున్నాకే రిజర్వు తెరుస్తాడు, దానికి తగినంత ఎత్తు ఉండాలి. పారాగ్లైడర్ పైలట్ చెడిన రెక్కను వదలకుండానే రిజర్వును చేత్తో విసురుతాడు. అది ఫ్రీఫాల్ వేగానికి తయారైనది కాదు. మీ కెనోపీకి వీటిలో ఏది?

వాలుగాలి:
కెనోపీ ఒకటే ఉంచి, హార్నెస్‌లు (ఒంటికి బిగించుకునే పట్టీల జీను) రెండు పెట్టుకోవచ్చు.

రెండో గొడుగు:
అప్పుడు ప్రతిసారీ రైజర్లు (తాళ్లను హార్నెస్‌కు కలిపే పట్టీలు) విప్పి మళ్లీ బిగించాలి, స్లైడర్ తీసి మళ్లీ ఎక్కించాలి. ఆ పనిలో ఒక తాడు మెలిపడితే కొండ మీద గాలి నింపగానే కంటపడుతుంది. విమానం నుంచి దూకినప్పుడు మాత్రం కెనోపీ తెరుచుకున్నాకే తెలుస్తుంది. అందువల్ల రెండు కెనోపీలు కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం.