స్కాడా పెట్టారు కాబట్టి రాత్రి షిఫ్ట్‌కి ఒక్క ఎలక్ట్రీషియన్ చాలా?

రాత్రి షిఫ్ట్:
అందరికీ నమస్కారం. విశాఖపట్నం కంచరపాలెం ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేశాను. అప్రెంటిస్ అయ్యాక ఔట్‌సోర్సింగ్‌లో చేరి, ఆరేళ్లుగా మురుగునీటి పంపింగ్ స్టేషన్లలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తున్నాను. ఏ స్టేషనో, ఏ ఏజెన్సీయో రాయలేను, అర్థం చేసుకోండి.

ఇన్నాళ్లూ రాత్రి పదింటి నుంచి పొద్దున్న ఆరింటి దాకా ఇద్దరం ఉండేవాళ్లం, నేనూ ఒక హెల్పరూ. ఇప్పుడు స్కాడా, అంటే దూరం నుంచే పంపుల్ని చూసి నడిపే కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. వెట్‌వెల్‌లో (మురుగునీరు చేరే బావిలో) నీటి మట్టం, మోటార్ ఆంపియర్లు, ట్రిప్ అలారం అన్నీ కంట్రోల్ రూమ్ స్క్రీన్ మీద కనపడతాయి. ప్యానెల్ మీది సెలెక్టర్ స్విచ్ ఆటోలో ఉంటే పంపు కూడా అక్కణ్ణుంచే ఆన్ ఆఫ్ చేయొచ్చు. "ఇంక రాత్రికి ఒక్కడివి చాలు, హెల్పర్‌ని డే షిఫ్ట్‌లో వేస్తాం" అంటున్నారు.

మొన్న వానల్లో జరిగింది చెబుతాను. రాత్రి రెండున్నరకి రెండో పంపు ఓవర్‌లోడ్‌లో ట్రిప్ అయింది. రీసెట్ చేస్తే పది సెకన్లలో మళ్లీ ట్రిప్. టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పెట్టి కరెంటు కొలిచే మీటరు) పెడితే మూడు ఫేజుల్లోనూ ఆంపియర్లు ఒకేలా ఎక్కువున్నాయి. వైండింగ్ బాగానే ఉంది, ఇంపెల్లర్‌కి (పంపులో తిరిగే చక్రానికి) ఏదో చుట్టుకుందని అర్థమైంది. ఇద్దరం చైన్‌బ్లాక్‌తో పంపు పైకి లాగాం. పాత చీర ముక్క, కొబ్బరి పీచు, ప్లాస్టిక్ సంచులు తాడులా పేనుకుపోయి ఉన్నాయి. వంగి కత్తితో కోస్తున్నాను. హెల్పర్ ఎందుకో ప్యానెల్ వైపు వెళ్లి, "అన్నా, సెలెక్టర్ ఆటోలోనే ఉంది" అని ఆఫ్‌కి తిప్పేశాడు. రెండు నిమిషాలు కాకుండానే కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్: "లెవెల్ పెరిగిపోతోంది, రెండో పంపు స్టార్ట్ కమాండ్ ఇచ్చినా తీసుకోవట్లేదేంటి?"

ఓవర్‌లోడ్ నేనే రీసెట్ చేసి ఉంచాను. బ్రేకర్ దించలేదు. తప్పు నాదే. కానీ ఆ రాత్రి నేను ఒక్కణ్ణే ఉంటే ఈ పోస్టు రాయడానికి నా చేతులు ఉండేవి కావు. మీరేమంటారు, ఒక్కడు చాలా?

ప్యానెల్ బోర్డు:
తమ్ముడూ, నీకు ఏమీ కానందుకు సంతోషం. నేను ఇలాంటి ప్యానెళ్లు, పీఎల్‌సీలు (పంపుల్ని ఆటోమేటిక్‌గా నడిపే చిన్న కంప్యూటర్లు) కమిషనింగ్ చేసే పనిలో ఉన్నాను. కొందరికి నచ్చకపోయినా నా అభిప్రాయం చెబుతాను.

నిన్ను కాపాడింది రెండో మనిషి కాదు, అదృష్టం. హెల్పర్ ఆ క్షణంలో టీ పెట్టుకుంటూ ఉండొచ్చు, చైన్ పట్టుకుని నీ పక్కనే ఉండొచ్చు. నిన్ను ప్రతిసారీ కాపాడేది బ్రేకర్ దించి దానికి వేసే తాళం. తాళంచెవి నీ జేబులో ఉంటే స్కాడా నుంచి వందసార్లు కమాండ్ ఇచ్చినా మోటారు కదలదు.

ప్రతి స్టేషన్‌లోనూ రాత్రంతా ఇద్దరిని కూర్చోబెట్టే బదులు, నాలుగైదు స్టేషన్లకి కలిపి ఒక వాహనం, అందులో ముగ్గురు మనుషులు, గ్యాస్ మీటరు, ట్రైపాడ్ (బావిలోంచి మనిషిని పైకి లాగే మూడు కాళ్ల స్టాండు) పెట్టండి. స్టేషన్‌లో ఉన్న ఒక్కడు చూసి చెప్పాలి తప్ప ప్యానెల్ తెరవకూడదు, పంపు ఎత్తకూడదు. అదే డబ్బుతో నలుగురికీ మంచి రక్షణ దొరుకుతుంది.

పాత హెచ్‌టీ ఆపరేటర్:
బాబూ ప్యానెల్ బోర్డు, నువ్వు చెప్పిన తాళం మాట నిజం. మా రోజుల్లో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపేశామన్న అనుమతి) తీసుకోకుండా వైరు ముట్టుకుంటే మా ఫోర్‌మన్ చెయ్యెత్తేవాడు. కానీ నేను 34 ఏళ్లు పంపుల దగ్గర పనిచేసి చెబుతున్నాను, తాళం వేసినా మిగిలే కరెంటు ఉంటుంది.

ఒక పాత స్టేషన్‌లో, పేరెందుకులే, నేను మెయిన్ దించి, టెస్టర్ పెట్టి మూడు ఫేజులూ లేవని చూసుకుని, కాంటాక్టర్ కాయిల్ విప్పుతున్నాను. లెవెల్ కంట్రోలర్‌కి 230 వోల్టులు వేరే ఫీడరు నుంచి వచ్చేవి. ఎవరో ఎప్పుడో తాత్కాలికంగా ఇచ్చిన లైను, డ్రాయింగ్‌లో లేదు. ఆ వైరు నా వేళ్లకి తగిలింది. చెయ్యి ముడుచుకుపోయి పట్టు వదల్లేదు. అరుద్దామంటే నోట మాట రాలేదు. అది ఎంతసేపో నాకు తెలీదు. నా జోడీ ఆపరేటరు ఎండు కర్ర స్టూలుతో నా ముంజేతి మీద కొట్టాడు. ఎముక చిట్లింది. ఇప్పటికీ వాన పడితే నొప్పి పెడుతుంది.

మీ వాహనం ఎంతసేపట్లో వస్తుంది? పాతిక నిమిషాలా? గుండె ఆగిన మనిషికి నాలుగైదు నిమిషాల తరవాత మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. గుండె మీద నొక్కేవాడు ఆ గదిలోనే ఉండాలి.

ఇంకోటి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కరెంటు లేదు, సెల్ టవర్లు పడిపోయాయి, రోడ్ల మీద చెట్లు. ఆ రోజుల్లో డ్యూటీ చేసినవాళ్లని అడగండి. స్క్రీన్ మీద చూసే కంట్రోల్ రూమ్ ఏటి చేస్తుంది అప్పుడు? డీజీ సెట్‌కి (డీజిల్ జనరేటర్‌కి) డీజిలు పోసింది పక్కనున్న మనిషి.

మంచినీళ్ల పంప్‌హౌస్:
నేను తాగునీటి వైపు పనిచేస్తాను. మా సంగతి కొంచెం వేరు. ట్యాంకులో నిల్వ ఉంటుంది కాబట్టి రాత్రి ఒక మోటారు ఆగినా స్టాండ్‌బై వేసుకుని, మరమ్మతు తెల్లారాక చేసుకోవచ్చు. మా దగ్గర స్కాడా వచ్చాక నిజంగానే పని తేలికైంది. బేరింగ్ వేడెక్కుతోందని ముందే తెలుస్తోంది, డ్రై రన్‌లో (నీళ్లు లేకుండా తిరిగి) మోటారు కాలిపోవడం తగ్గింది. కాబట్టి స్కాడాని తిట్టొద్దు.

మురుగునీటి బావికి ఆ వెసులుబాటు లేదు. వాన రాత్రి పంపు ఆగితే గంట కూడా ఆగదు, మ్యాన్‌హోళ్లలోంచి పైకి తన్నుతుంది. రెంటికీ ఒకే రూలు పెట్టడమే నాకు తప్పుగా అనిపిస్తోంది. కెపాసిటర్ బ్యాంకు (మెయిన్ దించినా కరెంటు నిలవుండేది), హెచ్‌టీ (హై టెన్షన్) బ్రేకరు ఉన్న చోట మాత్రం ఏ నీళ్లయినా ఒంటరిగా చెయ్యి పెట్టొద్దు.

జ్ఞానాపురం గృహిణి:
నాకు మోటార్ల గురించి తెలీదు. మాది పల్లంలో ఉన్న వీధి. మన ఊరు కొండల ఊరే అయినా, పైనుంచి గెడ్డల్లో కొట్టుకొచ్చే నీళ్లన్నీ మా వైపే దిగుతాయి. ఒకసారి రాత్రి బాత్రూమ్ తూములోంచి మురుగు వెనక్కి తన్ని వంటింట్లోకి వచ్చేసింది. బియ్యం డబ్బా మంచం మీద పెట్టుకుని కూర్చున్నాం. మా ఆయన తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి కేకలేశారు.

ఆ కేకలు చివరికి ఎవరి మీద పడతాయో ఈ పోస్టులు చదివాకే తెలిసింది. బాబూ, మా వల్ల తొందరపడి నీ ప్రాణం మీదికి తెచ్చుకోకు. ఆ పని చేసే చోట ఇద్దరు ఉండాలని మా వీధివాళ్లం కూడా అడుగుతాం. అడగాల్సింది ఎవరినో చెప్పండి.

పరవాడ ఎలక్ట్రికల్:
నేను ఫార్మా వైపు. మా దగ్గర పర్మిట్ (పనికి రాతపూర్వక అనుమతి) లేకుండా ప్యానెల్ తెరిస్తే ఆ రోజే గేటు బయట. ట్యాంకులోకి దిగాలంటే బయట ఒక మనిషి నిలబడాలి, అతనికి వేరే ఏ పనీ చెప్పకూడదు.

మీరంతా కరెంటు గురించే మాట్లాడుతున్నారు. నాకు భయం వేసేది గ్యాసు. మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్డు వాసన వేస్తుందని అందరికీ తెలుసు. 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 100 వంతులు) దగ్గర ముక్కు మొద్దుబారి వాసన తెలియకుండా పోతుందన్నది చాలామందికి తెలియదు. వాసన తగ్గింది, గాలి ఆడుతోంది అనుకుని ఇంకో మెట్టు దిగుతారు. వెయ్యికి చేరితే ఒకటి రెండు శ్వాసలకే కూలిపోతారు. గాలి కంటే బరువైనది కాబట్టి అడుగునే పేరుకుంటుంది.

తమ్ముడూ, ఒక ప్రశ్న. నీ ఫ్లోట్ స్విచ్ ఇరుక్కుంటే, లెవెల్ సెన్సారుకి జిడ్డు పడితే, కేబుల్ గైడ్‌లో చిక్కుకుంటే నువ్వు బావిలోకి దిగుతావా? నిజం చెప్పు. కాగితం మీద ఎలక్ట్రీషియన్‌వి కాబట్టి సఫాయి పనివాళ్ల లెక్కలోకి నువ్వు రావు. కానీ గ్యాసుకి ట్రేడ్ సర్టిఫికెట్ తెలీదు. 2013 నాటి పాకీపని నిషేధ చట్టం రక్షణ లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని దింపడాన్ని నిషేధించింది. దాని కింద వచ్చిన నిబంధనలు అలాంటి పని దగ్గర కనీసం ముగ్గురు ఉండాలని, వాళ్లలో ఒకరు సూపర్‌వైజర్ అయి ఉండాలని చెబుతున్నాయి. మురుగు కాలువలో చనిపోతే ఇచ్చే పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకి పెంచింది. ముగ్గురుండాల్సిన చోట ఇద్దరా ఒక్కడా అని మనం కొట్టుకుంటున్నాం.

రాత్రి షిఫ్ట్:
దిగాను అన్నా. రెండుసార్లు. సెన్సారు తుడవడానికి, హెల్పర్ పైన తాడు పట్టుకుంటే. దిగమని ఎవరూ చెప్పలేదు, దిగొద్దనీ ఎవరూ చెప్పలేదు. లెవెల్ తప్పుగా చూపిస్తుంటే పంపు ఖాళీగా తిరిగి సీల్ పోతుంది, సీల్ పోతే నీళ్లు వైండింగ్‌లోకి వెళ్తాయి, మోటారు పోతే అడిగేది నన్నే. ఆ లెక్కే తలలో తిరుగుతూ ఉంటుంది. వాసన సంగతి మీరు రాశాక ఆ రెండోసారి గుర్తొచ్చింది. దిగేటప్పుడు ఘాటుగా ఉంది, కాసేపటికి ఏమీ అనిపించలేదు. అలవాటు పడ్డాననుకున్నాను.

ప్యానెల్ బోర్డు:
పై పోస్టు చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. నా మాట కొంత వెనక్కి తీసుకుంటున్నాను. "ఒక్కడు చూసి చెప్పాలి, ముట్టుకోకూడదు" అని నేను తేలిగ్గా రాశాను. బావి నిండుతుంటే, ఫోన్లు మోగుతుంటే, పని తెలిసిన మనిషి చేతులు కట్టుకుని వాహనం కోసం కూర్చోడు. మేం ప్యానెల్ డిజైన్ చేసేటప్పుడు మోటారుకి ఎన్ని రక్షణలు పెడతామో చూడండి: ఓవర్‌లోడ్, సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారు ఆపేది), డ్రై రన్, సీల్‌లో తేమ సెన్సారు. ఆ గదిలో ఉన్న మనిషి పడిపోయాడని చెప్పే సిగ్నల్ ఒక్కటీ మా స్క్రీన్ మీద లేదు.

అయినా ఒకచోట నేను మారలేదు. పర్మిట్ లేని, శిక్షణ లేని హెల్పర్‌ని పక్కన పెట్టి ఇద్దరున్నారు అనుకుంటే అది కాగితం మీద లెక్కే. రెండోవాడికి మెయిన్ ఎక్కడుందో, గుండె మీద ఎలా నొక్కాలో, బావిలో దిగిన మనిషి పడిపోతే తాను దిగకూడదని తెలిసుండాలి. సెన్సారు విషయానికి, బావి పైనుంచే నీటి మట్టం కొలిచే రాడార్ రకం దొరుకుతుంది. దాన్ని తుడవడానికి ఎవరూ లోపలికి దిగనక్కర్లేదు. అది అడగండి.

పాత హెచ్‌టీ ఆపరేటర్:
అదీ మాట. పడినవాడి కోసం దిగి రెండోవాడూ పోవడం ఈ పనిలో కొత్త కాదు. తాడు నడుముకి కట్టి పైన గట్టిగా బిగించి ఉంటే దిగకుండానే లాగొచ్చు. చేత్తో పట్టుకున్న తాడు తాడు కాదు నాయనా.

రాత్రి షిఫ్ట్:
నిన్న ఇన్‌ఛార్జికి కాగితం రాసిచ్చి, ఎక్‌నాలెడ్జ్‌మెంట్ సంతకం తీసుకున్నాను. ఐదే అడిగాను: రాత్రికి రెండో మనిషి, అతనికి శిక్షణ, బ్రేకర్లకి తాళాలు, గ్యాస్ మీటరు, పైనుంచి కొలిచే లెవెల్ సెన్సారు. వానాకాలం అయ్యేదాకా హెల్పర్‌ని ఉంచుతామన్నారు, మిగతావి పైకి పంపిస్తామన్నారు. తాళం కోసం ఆగలేదు, పూర్ణా మార్కెట్‌లో నేనే కొనుక్కున్నాను. రెండు తాళంచెవులు వచ్చాయి. ఒకటి నా మొలతాడుకి కట్టుకున్నాను. రెండోది హెల్పర్‌కి ఇవ్వాలా, ఇంట్లో పెట్టాలా? పెద్దాయనా, మీరు చెప్పండి.

పాత హెచ్‌టీ ఆపరేటర్:
ఇంట్లో పెట్టు. నీ తాళం నువ్వే తియ్యాలి.