అప్‌డేట్: పాత ఫోన్‌లో లినక్స్ బూట్ అయింది, కానీ...

డ్రాయర్‌లో పడున్న పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ (పాత ఫోన్లలో నడిచేలా చేసిన లినక్స్ సిస్టమ్) ఎక్కిస్తే ఫోన్ పూర్తిగా చచ్చిపోతుందా అని పోయిన నెల అడిగాను కదా. చావలేదు. "అప్పుడే ఫ్లాష్ చేయకు (అంటే ఫోన్ స్టోరేజీలో రాసేయకు), ఫాస్ట్‌బూట్ (కంప్యూటర్ నుంచి కేబుల్‌తో ఫోన్‌కి ఆదేశాలిచ్చే టూల్) బూట్ కమాండ్‌తో కెర్నల్‌ని, అంటే సిస్టమ్ మూలభాగాన్ని, ర్యామ్‌లోకి మాత్రమే పంపి చూడు" అన్నవాళ్లకు దండం. మొదటి ఆరుసార్లు స్క్రీన్ నల్లగానే ఉండిపోయింది. పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే మళ్లీ ఆండ్రాయిడ్ వచ్చేసేది, అంతే.

తప్పు డివైస్ ట్రీలో (ఫోన్‌లో ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కి చెప్పే ఫైలు) దొరికింది. ఇదే మోడల్‌లో రెండు రకాల డిస్‌ప్లే ప్యానెళ్లు వాడారు, నేను నా ఫోన్‌లో లేనిదాని పేరు రాశాను. ఆ లైను మార్చగానే స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు గబగబా పరిగెత్తాయి. రాత్రి ఒంటిగంటకి నేనేసిన కేకకి ఇంట్లో అందరూ లేచారు.

సిస్టమ్ ఎస్‌డీ కార్డు మీద నడుస్తోంది. వైఫై, టచ్ ఓకే. కెమెరా సంగతి అడక్కండి. అసలు టెన్షన్ ఛార్జింగ్‌తోనే: దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) ఇంకా కుదరలేదు, బ్యాటరీ ఎప్పుడు చూసినా 50 శాతమే చూపిస్తోంది. ఉబ్బుతుందేమోనని రాత్రిళ్లు ఛార్జర్ పీకేస్తున్నా.

ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబర్), మోడెమ్ (నెట్‌వర్క్‌కి కలిపే భాగం) సెట్టింగ్‌లు ఉండే పార్టిషన్లను, అంటే స్టోరేజీలోని విభాగాలను, మొదటిరోజే కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నా. కాల్స్ ఇంకా రావట్లేదు, సిమ్ మామూలు ఫోన్‌లోనే ఉంది.