జర్మనీలో సరుకులు కొనే పద్ధతులు: కొత్తగా వెళ్లినవారి సందేహాలు

మహేంద్రతనయ, పర్లాకిమిడి:

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి, అల్లుడుగారు ఉద్యోగరీత్యా ఈమధ్యనే జర్మనీలోని లైప్‌జిగ్ నగరానికి వెళ్లారు. ఫోను చేసినప్పుడల్లా అక్కడి దుకాణాల వింతలే చెబుతున్నారు. నీళ్ల సీసా కొంటే బిల్లులో దాని ధర కింద మరో పాతిక సెంట్లు విడిగా పడ్డాయట. ఆదివారం పాల కోసం బయలుదేరితే వీధి వీధంతా మూసి ఉందట. డబ్బులు కట్టేచోట కూర్చున్న ఆవిడ సరుకులను ఎంత వేగంగా తోస్తుందంటే, అమ్మాయి సంచి విప్పేలోగా వెనకవారి సరుకులు కూడా వచ్చి పడుతున్నాయట.

డిసెంబరులో అమ్మాయి పురిటికి మేమిద్దరం వెళ్తున్నాం. మా ఆవిడ ఇక్కడి బజారులో సగం ఒడియా, సగం తెలుగు కలిపి బేరమాడి, వంకాయలను ఒక్కొక్కటే నొక్కి చూసి ఏరుకుని, చివరికి కొసరుగా నాలుగు పచ్చిమిరపకాయలు వేయించుకుంటే గాని కదలదు. ఆమె అక్కడ ఒంటరిగా వెళ్లి కూరలు తేగలదా? అక్కడ ఉండి వచ్చినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

గోపాల్‌పూర్ అల, బరంపురం:

మహేంద్రతనయ గారికి నమస్కారం. నేను ఉద్యోగం మీద అక్కడ కొన్నేళ్లు ఉండి వచ్చినవాడిని. ఆ పాతిక సెంట్లు సీసాకు కట్టిన బయానా. దానిని ఫాండ్ అంటారు. వెనక మన కిరాణా కొట్లలో ఖాళీ గాజు సీసా తిరిగి ఇస్తే గాని కూల్‌డ్రింక్ సీసా ఇంటికి ఇచ్చేవారు కాదు, లేదా దాని డబ్బు పట్టుకునేవారు. ఇదీ అటువంటిదే, కాకపోతే చట్టం ప్రకారం నడుస్తుంది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలకు, పానీయాల రేకు డబ్బాలకు 2003 నుంచి ఈ పద్ధతి ఉంది. పండ్లరసాల ప్లాస్టిక్ సీసాలను 2022లోను, పాల ప్లాస్టిక్ సీసాలను 2024లోను ఇందులో చేర్చారు. కడిగి మళ్లీ నింపే సీసాలకు మాత్రం తక్కువ: మామూలు బీరు సీసాకు 8 సెంట్లు, నీళ్ల సీసాలకు ఎక్కువగా 15 సెంట్లు. అట్టపెట్టెలో వచ్చే పాలకు, ద్రాక్షసారా సీసాలకు ఏమీ ఉండదు.

ఖాళీ సీసాలను దుకాణంలోని యంత్రంలో ఒక్కొక్కటే వేస్తే మొత్తానికి ఒక చీటీ వస్తుంది. దానిని డబ్బు కట్టేచోట ఇస్తే బిల్లులో తగ్గిస్తారు, ఏమీ కొనకపోయినా నగదు ఇస్తారు. మన అలవాటు ప్రకారం సీసాను నలిపి సంచిలో కుక్కకూడదు, దాని మీది గుర్తును, ఆకారాన్ని యంత్రం చదవాలి కనుక. పెద్ద దుకాణమైతే వేరేచోట కొన్న ప్లాస్టిక్ సీసానైనా తీసుకుని తీరాలి. వీధుల్లో చెత్తకుండీ పక్కన కొందరు ఖాళీ సీసాలను నిలబెట్టి పోతుంటారు. అది నిర్లక్ష్యం కాదు, సీసాలు ఏరుకుని రోజు గడుపుకునేవారు కుండీలో చెయ్యి పెట్టనక్కరలేకుండా చేసే ఏర్పాటు. అంత సంపన్న దేశంలో ముసలివారు సీసాలు ఏరుకోవడం చూసి నాకు ఆశ్చర్యం కలిగింది.

ఆదివారపు సెలవుకు వారి రాజ్యాంగంలోనే రక్షణ ఉంది. పెద్ద రైల్వే స్టేషన్లలోని దుకాణాలు, పెట్రోలు బంకులు తెరిచి ఉంటాయి, రొట్టెల దుకాణాలు కొన్ని గంటలు అమ్ముతాయి. మీరు డిసెంబరులో వెళ్తున్నారు కాబట్టి ఇంకొక మాట: 24వ తేదీ మధ్యాహ్నానికే దుకాణాలు మూసేస్తారు, 25, 26 రెండు రోజులూ పండుగ సెలవులే. దానికి ఆదివారం కూడా కలిసిందంటే బియ్యం, పాలు, కూరలు ముందుగానే తెచ్చి పెట్టుకోవాలి.

నాగావళి, రాయగడ:

బాబాయిగారూ, పిన్నిగారు నిక్షేపంగా వెళ్లి రాగలరు. డబ్బు కట్టేచోట సంచి సర్దాలని చూడడం వల్లనే మీ అమ్మాయికి కంగారు. అక్కడివారు సరుకులను మళ్లీ తోపుడు బండిలోకే వేసుకుని పక్కకు వచ్చేస్తారు. చాలా దుకాణాల్లో గోడ వెంబడి పొడవాటి బల్ల ఉంటుంది, అక్కడ తీరికగా సర్దుకోవచ్చు. ఆ బండి గొలుసు విడవాలంటే ఒక యూరో నాణెం పెట్టాలి, తిరిగి తగిలిస్తే నాణెం వస్తుంది. డబ్బు కట్టేచోట సరుకులు పెట్టే కదిలే పట్టీ మీద మీ సరుకుకూ వెనకవారి సరుకుకూ మధ్య అడ్డుకర్ర పెట్టడం మరిచిపోవద్దు. సంచి ఇంటినుంచే తీసుకెళ్లాలి, డబ్బు కట్టేచోట ఇచ్చే పలుచని ప్లాస్టిక్ సంచులను 2022 నుంచి నిషేధించారు.

కూరగాయలను కొన్నిచోట్ల మనమే తూచి, తూకం యంత్రం మీద ఆ కూర అంకె నొక్కి, వచ్చిన ధర చీటీ అంటించుకోవాలి, కొన్నిచోట్ల బిల్లు వేసేవారే తూస్తారు. ముందున్నవారిని గమనిస్తే తెలిసిపోతుంది. పిన్నిగారికి అసలు ఇబ్బంది వారపు సంతలో వస్తుంది. మన రాయగడ సంతలో లాగా అక్కడ కాయను చేత్తో పట్టి చూడనివ్వరు, వేలితో చూపిస్తే అమ్మేవారే ఏరి ఇస్తారు. పెద్ద దుకాణంలో మనమే ఏరుకోవచ్చు గాని, నొక్కి చూసి మళ్లీ పెట్టేస్తే పక్కవారు అదోలా చూస్తారు. ధర పన్నుతో కలిపే ఉంటుంది కనుక బేరం మాట లేదు. అయితే ధర చీటీ మీద చిన్న అక్షరాల్లో కిలోకు ఎంతో రాసి ఉంటుంది, దానిని బట్టి రెండు పొట్లాలలో ఏది చవకో పోల్చుకోవచ్చు. బేరమాడే సరదా తీరాలంటే పాత సామానుల సంతకు వెళ్లమనండి, అక్కడ అది మామూలే.

కొండదారి, జయపురం:

కొసరు బొత్తిగా లేదని అనుకోవద్దు. మందుల దుకాణంలో తరచుగా చిన్న కాగితపు రుమాళ్ల పొట్లం ఉచితంగా ఇస్తారు. మాంసం దుకాణంలో చిన్నపిల్లలు కనిపిస్తే ఒక మాంసపు ముక్క చేతిలో పెడతారు, శాకాహారులైతే నవ్వుతూ వద్దనవచ్చు. ఇక పురిటి ఇల్లు అంటున్నారు గనుక ఇది గుర్తుంచుకోండి: జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ వంటి మందులు సరుకుల దుకాణంలో దొరకవు, మందుల దుకాణంలోనే కొనాలి. రాత్రి, ఆదివారం వంతులవారీగా ఒక మందుల దుకాణం తెరిచి ఉంటుంది, ఏది తెరిచి ఉందో మిగిలినవాటి తలుపుల మీద రాసి పెడతారు. కొన్ని రొట్టెల దుకాణాలు నగదే తీసుకుంటాయి కాబట్టి చిల్లర దగ్గర ఉంచుకోండి.