ఆఫీసు మారుతోంది: గోడ మీద ఉన్న యుద్ధ స్మారక పలక ఎవరిది?

శ్రీను_మిడ్‌లాండ్స్
అందరికీ నమస్కారం. నేను ఇంగ్లండులో పనిచేసే కంపెనీ వందేళ్ళు దాటిన సొంత భవనాన్ని అమ్మేసి అద్దె ఆఫీసుకి మారుతోంది. పాత భవనంలో మెట్ల దగ్గర ఓక్ చెక్క పలక ఒకటి ఉంది. పైన ఆకుల దండ చెక్కారు, కింద మూడు వరసల్లో బంగారు పూత పేర్లు. మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన ఉద్యోగులందరివీ. చనిపోయినవాళ్ళ పేరు పక్కన చిన్న శిలువ గుర్తు.

మేనేజ్‌మెంట్ మూడు దారులు చూపించింది: మ్యూజియంకి ఇచ్చేయడం, భవనంతో పాటే వదిలేయడం, కొత్త ఆఫీసుకి తీసుకెళ్ళడం. స్టాఫ్ కమిటీలో ఉన్నాను కాబట్టి నేనూ ఓటు వెయ్యాలి. నా ఓటు తీసుకెళ్ళడానికే. కాదనేవాళ్ళు ఎందుకు కాదో చెప్పండి.

సూటిగా
శ్రీనుగారూ, అసలు ఆ పలక గురించి మనకి టెన్షన్ ఎందుకండీ? ఇరాక్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ళ కోసం కట్టిన బస్రా స్మారకం సంగతి తెలుసుగా. బ్రిటిష్ సైనికుల పేర్లు చెక్కారు, భారతీయ ఆఫీసర్ల పేర్లూ చెక్కారు. మామూలు సిపాయిల దగ్గరికి వచ్చేసరికి రెజిమెంటు పేరు కింద ఇంకా ఇంతమంది అని అంకె వేసి ఊరుకున్నారు. మన దేశంలో ఊళ్ళలో పెట్టిన పాలరాతి పలకల మీదా అంతే: ఈ ఊరి నుంచి ఇంతమంది యుద్ధానికి వెళ్ళారు, వాళ్ళలో ఇంతమంది చనిపోయారు. ఒక్క పేరు ఉండదు. వాళ్ళ గుమస్తాలకి మాత్రం బంగారు అక్షరాలు! వాళ్ళ పలక, వాళ్ళే చూసుకుంటారు.

మాధవి_నాటింగ్‌హామ్
బస్రా విషయం నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ స్మారకాల్ని చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021లో తనే ఒప్పుకుని రిపోర్టు ఇచ్చింది. తక్కువలో తక్కువ 1,16,000 మందికి, ఎక్కువగా ఆఫ్రికా, మధ్యప్రాచ్యం ప్రాంతాల వాళ్ళకి, పేరుతో గుర్తింపు దక్కలేదు లేదా అసలు గుర్తింపే లేదు అని. అయితే పేరు లేకపోవడమే కదా మీ కోపం? మరి పేర్లున్న పలక పోతే పోనీ అంటే ఎలా? ఈ పలకలో ఉన్నది గుమస్తాలు, మెషీన్ల మీద పనిచేసినవాళ్ళు, లారీలకి సరుకు ఎత్తినవాళ్ళు. బస్రాలో తప్పు చేసింది వాళ్ళు కాదు.

సూటిగా
అది ఒప్పుకుంటా. కానీ ఆ పలక పెట్టించింది యజమాని. 1916 నుంచి అక్కడ నిర్బంధ సైనిక సేవ. అంటే చాలామంది ఇష్టపడి వెళ్ళలేదు, పిలిస్తే వెళ్ళారు. వాళ్ళ కుర్చీల్లో కూర్చుని నాలుగేళ్ళు పని నడిపిన ఆడవాళ్ళని యుద్ధం అవగానే ఇళ్ళకి పంపేశారు. వాళ్ళ పేర్లు ఏ పలక మీద ఉన్నాయి? కంపెనీ తన గొప్ప చెప్పుకోవడానికి పెట్టుకున్న బోర్డు అది.

సికింద్రాబాద్_రైలు
రైల్వేలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరైనవాణ్ణి, బాబూ. స్మారకం కదిపితే పాపం అనుకునేవాళ్ళకి ఒక మాట. లండన్ లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్లో గ్రేట్ ఈస్టర్న్ రైల్వే స్మారకం ఉంది, చనిపోయిన వెయ్యి మందికి పైగా ఉద్యోగుల పేర్లతో. 1922 జూన్ 22న ఫీల్డ్ మార్షల్ సర్ హెన్రీ విల్సన్ ఆవిష్కరించి ఇంటికెళ్తే, గుమ్మం దగ్గరే ఐరిష్ రిపబ్లికన్లు కాల్చి చంపారు. స్టేషన్ని తిరిగి కట్టినప్పుడు ఆ స్మారకాన్ని మొదటి చోటు నుంచి మార్చారు. అయినా స్టేషన్లోనే ఉంచారు. రైలు మనుషుల పేర్లు రైలు మనుషుల మధ్యే ఉన్నాయి. బస్రా స్మారకాన్ని కూడా 1997లో సద్దాం ఊరి బయటికి తరలించాడు. అక్కడికి వెళ్ళి చూసేవాళ్ళు ఎంతమంది?

ఇంకోటి. పాడింగ్టన్‌లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే వాళ్ళది ఎంత గొప్ప కంచు విగ్రహమో! 1922 నవంబర్ 11న ఆవిష్కరించారు. కానీ 2,524 మంది పేర్లు రాసిన చుట్టని పెట్టెలో పెట్టి విగ్రహం కింద సీలు వేశారు. చదవడానికి వీల్లేదు. నాకైతే శ్రీను చెప్పిన చెక్క పలకే ఎక్కువ నచ్చుతుంది. బతికొచ్చినవాడి పేరూ ఉంది చూశారా, అదీ అసలు సంగతి. తిరిగొచ్చి అదే కుర్చీలో కూర్చుని రోజూ ఆ పలక ముందు నుంచే మెట్లెక్కి ఉంటాడు.

నిదానమే_ప్రధానం
మ్యూజియం అంటే అందరూ ఎందుకు భయపడుతున్నారో అర్థం కావట్లేదు. అద్దె ఆఫీసు ఐదేళ్ళ లీజు. తర్వాత? మళ్ళీ మారతారు, కంపెనీ చేతులు మారుతుంది, ఎవడో స్టోర్ రూమ్‌లో పడేస్తాడు. మ్యూజియం వద్దంటే ఉన్నచోటే వదిలేయడం మేలు. బ్రిటన్లో యుద్ధ స్మారకాల్ని కాపాడే వార్ మెమోరియల్స్ ట్రస్ట్ వాళ్ళు కూడా వీలైతే ఉన్నచోటే ఉంచమంటారు.

మాధవి_నాటింగ్‌హామ్
ఉన్నచోటే ఉంచితే కొత్త యజమాని ఫ్లాట్లు కట్టుకుంటాడు. లిస్టెడ్ భవనమైతే, అంటే ప్రభుత్వ వారసత్వ జాబితాలో ఉన్నదైతే, గోడకి బిగించినదాన్ని కదపడానికి అనుమతి కావాలి కాబట్టి కొంత రక్షణ. శ్రీనుగారూ, మీది లిస్టెడేనా? అది ముందు తేల్చుకోండి. లిస్టెడే అయితే, ఓటు వేసినంత మాత్రాన మీరూ తియ్యలేరు. ఇక మ్యూజియం అంటారా, పెద్ద పలకల్ని ఎక్కువగా స్టోర్లోనే పెడతారు. వాళ్ళ తప్పు కాదు, గోడలు చాలవు.

కొయ్యపని_రాజు
వడ్రం మా కులవృత్తి. ఇక్కడ పాత ఫర్నిచర్ బాగుచేసే పని నాది. ఎక్కడికైనా తీసుకెళ్ళండి, ఇవి మాత్రం మరవకండి. ఓక్‌లో టానిన్ ఉంటుంది, ఇనప స్క్రూ తగిలితే నల్లటి మరక పడుతుంది. ఇత్తడివి గానీ స్టెయిన్‌లెస్‌వి గానీ వాడండి. చల్లటి మెట్ల దగ్గర వందేళ్ళున్న చెక్కని హీటర్ పైన తగిలిస్తే మొదటి చలికాలంలోనే పగులుతుంది. వెనక పుచ్చు రంధ్రాలున్నాయేమో చూడండి, కొత్తగా పొడి రాలుతుంటే ముందు మందు పెట్టించాలి. కొత్త వార్నిష్ కొట్టి మెరిపిద్దాం అని ఎవరైనా అంటే ఆపండి, బంగారు పూత పోతుంది. తీసేముందు ప్రతి అక్షరమూ కనిపించేలా ఫోటోలు.

సూటిగా
సరే, తీసుకెళ్ళండి. నా షరతు ఒకటే. పక్కన చిన్న కాగితమైనా పెట్టి యుద్ధ కాలంలో ఆ ఆఫీసు నడిపిన ఆడవాళ్ళ గురించి రాయండి. పాత జీతాల రిజిస్టర్లు ఉంటే పేర్లు దొరుకుతాయి. అది కూడా చెయ్యకపోతే నా మొదటి మాట మీదే ఉంటాను.

శ్రీను_మిడ్‌లాండ్స్
భవనం లిస్టెడ్ కాదు, కనుక్కున్నాను. రేపు కమిటీలో నేను అడగబోయేది ఇదీ: పలక కొత్త ఆఫీసుకి రావాలి, కంపెనీ మళ్ళీ మారినా మూతపడినా జిల్లా రికార్డు ఆఫీసుకి వెళ్ళాలని ఇప్పుడే కాగితం మీద రాసిపెట్టాలి, కొత్త చోటు ఇంపీరియల్ వార్ మ్యూజియం స్మారకాల రిజిస్టర్లో నమోదు చేయించాలి. జీతాల రిజిస్టర్లు బేస్‌మెంట్‌లో ఉన్నాయట, పారేసే సామాన్ల జాబితాలో. ముందు వాటిని ఆపించాలి. రాజుగారూ, రిసెప్షన్ గోడలో హీటర్ పైపులు వెళ్తున్నాయంటున్నారు, ఎంత దూరం ఉండాలో చెప్తారా?

కొయ్యపని_రాజు
ఆ గోడ వద్దు. వేరే గోడ చూడండి, బయటి గోడ కూడా వద్దు, చెమ్మ వస్తుంది.